అత్తగారి మంచం వదిలి శుక్రవారం ప్రార్థనకు వెళ్ళలేకపోతున్నాను. పరిచర్య మానేసినట్టేనా?

విభాగం: కుటుంబం, విశ్వాసం

తెనాలి_కోడలు
మంగళవారం, రాత్రి 11:48

అందరికీ వందనాలు. చాలా రోజులుగా ఇక్కడ చదువుతూ పోవడమే తప్ప రాయడం ఇదే మొదలు. ఇప్పుడే మా అత్తగారిని ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి వచ్చాను. మళ్ళీ రెండింటికి లేవాలి.

పోయిన ఏడాది వానాకాలంలో ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పోయింది. "ఆ", "అమ్మో", విచిత్రంగా మా చిన్నాడి పేరు, అంతే మిగిలాయి. ఏం కావాలన్నా వాడి పేరే పిలుస్తారు. నీళ్ళకీ వాడి పేరే, దుప్పటికీ వాడి పేరే. పద్నాలుగు నెలలైంది. మా వారిది షిఫ్టుల ఉద్యోగం. మరిది పాస్టరు, వేరే జిల్లాలో సంఘం చూసుకుంటున్నారు. ఆడపడుచు అమెరికాలో. ఇక మిగిలింది నేను. ఎవరూ కూర్చుని మాట్లాడుకున్నది కాదు, అంబులెన్సు వచ్చి మా ఇంటి ముందు ఆగింది, అంతే.

పెళ్ళికి ముందు నుంచీ నేను సండే స్కూల్ టీచర్ని. చర్చి క్వయర్‌లో పాడేదాన్ని. శుక్రవారం ఉపవాస ప్రార్థన ఒక్కటీ వదిలేదాన్ని కాదు. ఇప్పుడు ఆదివారం ఆరాధనే నెలకి ఒకటి రెండుసార్లు. పోయిన వారం స్త్రీల సమాజం పెద్దావిడ ఒకరు గుమ్మంలో నిలబడి "పరిచర్య చల్లారిపోయిందమ్మా నీలో, ఇంటి పనులు ఎప్పుడూ ఉండేవే" అన్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. కానీ ఆ మాట ముల్లులా దిగిపోయింది.

ఇంకోటి చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. ఆ రాత్రే, మూడోసారి దుప్పటి తడిసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. "నేను మనిషిని కాదా!" అని అరిచి, వంటింట్లోకెళ్ళి తలుపేసుకున్నాను. అరగంట. ఆవిడ ఆ తడిలోనే ఉన్నారు. చిన్నాడి పేరు పిలుస్తూనే ఉన్నారు. తర్వాత వెళ్ళి మార్చాను. ఆవిడ నా మొహం చూడలేదు.

నేను చేసేది సేవేనా? ఇంత కోపం పెట్టుకుని చేసేదాన్ని దేవుడు లెక్కలో వేసుకుంటాడా?

---

హల్లెలూయ_77
బుధవారం, ఉదయం 5:10

ప్రైజ్ ది లార్డ్ సిస్టర్. ఇది మీకు పరీక్షా కాలం. ఓర్చుకోండి, పరలోకంలో మీకు కిరీటం సిద్ధంగా ఉంది. సణగకండి. ఇశ్రాయేలీయులు అరణ్యంలో సణిగినందుకే కనానులో అడుగుపెట్టలేకపోయారు. మీ కోసం ప్రార్థిస్తున్నాం.

---

నైట్‌డ్యూటీ_నర్సు
బుధవారం, ఉదయం 7:35

ఇప్పుడే డ్యూటీ దిగాను, బస్సులో కూర్చుని రాస్తున్నాను.

హల్లెలూయ బ్రదర్, కిరీటం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ అమ్మాయి నిద్రపోవాలి.

చెల్లీ, మేము ఆసుపత్రిలో ఎనిమిది గంటలో పన్నెండు గంటలో చేసి, ఇంకొకరికి హ్యాండోవర్ ఇచ్చి ఇంటికి పోతాం. జీతం తీసుకుంటాం. అయినా మాకూ విసుగొస్తుంది. నీకు పద్నాలుగు నెలల్లో ఒక్క హ్యాండోవర్ లేదు. నీ కోపానికి సగం మందు అక్కడుంది.

రాత్రి దుప్పటి మార్చేటప్పుడు ఆవిడని లేపి కూర్చోబెడుతున్నావా? వద్దు. ఒక పక్కకి తిప్పు. తడి దుప్పటిని వీపు వెంబడి పొడుగ్గా చాపలా చుట్టుకుంటూ ఆవిడ దాకా తీసుకురా. వెనకాలే ఉతికిన దుప్పటి పరిచి, మిగతా సగం అలాగే చుట్టి దాని పక్కన పెట్టు. ఇప్పుడు ఆవిడని రెండు చుట్టల మీదుగా ఇటు తిప్పు. తడిది లాగెయ్, పొడిది పరిచెయ్. అలవాటైతే నాలుగు నిమిషాలు. నడుం కింద అడ్డంగా ఒక పాత చీర నాలుగు మడతలు వేసి ఉంచితే, జరపాల్సి వచ్చినప్పుడు మనిషిని కాదు, చీరని లాగుతావు. పడిపోయిన చెయ్యి పట్టుకుని మాత్రం ఎప్పుడూ లాగకు, భుజం కీలు జారుతుంది.

మడమల కింద దిండు పెట్టొద్దు, పిక్కల కింద పెట్టు, మడమ గాల్లో ఉండాలి. ఎర్రగా ఉన్న చోట వేలితో నొక్కి వదులు. తెల్లబడి మళ్ళీ ఎరుపెక్కితే ఫరవాలేదు. తెల్లబడకుండా అలాగే ఎర్రగా ఉంటే పుండు మొదలైనట్టే, అక్కడ రుద్దొద్దు, పౌడరు కొట్టొద్దు, డాక్టరుకి చూపించు. జావ తాగించేటప్పుడు పూర్తిగా కూర్చోబెట్టి, తాగాక ఓ అరగంట అలాగే ఉంచు. లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇంకోటి, ఇది మాత్రం తప్పకుండా చేసి చూడు. కుడి పక్క పడిపోయి మాట పోయినవాళ్ళలో కొందరికి పాట మిగులుతుంది. మాట్లాడలేని మనిషి చిన్నప్పటి పాటని పదాలతో సహా పాడడం నా కళ్ళారా చూశాను. క్వయర్‌లో పాడేదాన్నన్నావుగా. ఆవిడ కీర్తనల పుస్తకం తియ్యి.

---

రిటైర్డ్_మాస్టారు_గుంటూరు
బుధవారం, ఉదయం 10:22

అమ్మా, నీ ప్రశ్నకి వాక్యంలోనే జవాబుంది, మన సంఘాల్లో దాన్ని ఎక్కువగా చదవరు. 1 తిమోతి 5:4. విధవరాలికి పిల్లలు గాని మనుమలు గాని ఉంటే వారు "మొదట తమ యింటివారియెడల భక్తి కనుపరచుటకును" నేర్చుకోవాలంటాడు పౌలు. అక్కడ మాట చూడు, జాలి అనలేదు, బాధ్యత అనలేదు, భక్తి అన్నాడు. "మొదట" అని కూడా అన్నాడు. నీ గుమ్మంలో నిలబడ్డ ఆ పెద్దావిడకి చెప్పు, నువ్వు భక్తి మానలేదు, స్థలం మార్చావంతే.

ఇక మార్కు 7వ అధ్యాయం. తల్లిదండ్రులకి చెందాల్సినదాన్ని "కొర్బాను, అనగా దేవార్పితము" అనేసి చేతులు దులుపుకునేవాళ్ళని ప్రభువు అంత కోపంగా ఎందుకు మందలించాడు? దేవుడి పేరు చెప్పి ఇంటి ముసలివాళ్ళని తప్పించుకోవడం ఆ రోజుల్లోనే మొదలైంది కాబట్టి. నీ మరిదిగారి సంగతి నాకు తెలియదు, నేను తీర్పరిని కాను. కానీ ఆయన బైబిల్లోనూ ఈ అధ్యాయం ఉంటుంది.

మా ఊరి సంగతి ఒకటి. అమెరికా మిషనరీ అన్నా కుగ్లర్ డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చింది. డాక్టరై ఉండి కూడా మొదట్లో మిషను ఆమెని ఆడవాళ్ళకి చదువు చెప్పే పనికే పంపింది. ఆసుపత్రి తెరిచేసరికి 1898. ఆ ఆసుపత్రి ఎదురుగా ఏలూరు జమీందారు ఒక సత్రం కట్టించారు, తన ఇంటివారికి అక్కడ వైద్యం జరిగిన కృతజ్ఞతతో. ఎవరి కోసం? రోగుల కోసం కాదు, రోగుల వెంట వచ్చే బంధువుల కోసం. మంచం పక్కన కూర్చున్నవాళ్ళకీ నడుం వాల్చే చోటు కావాలని ఆ హిందూ జమీందారుకి తట్టింది. నూరేళ్ళు దాటింది, మన సంఘాలకి ఇంకా తట్టలేదు.

---

హల్లెలూయ_77
బుధవారం, ఉదయం 10:51

మాస్టారూ, దైవసేవకులను అలా వేలెత్తి చూపించడం మంచిది కాదు. అభిషిక్తుల మీద నోరు జారకూడదు.

---

రిటైర్డ్_మాస్టారు_గుంటూరు
బుధవారం, ఉదయం 11:04

మార్కు సువార్త నేను రాసింది కాదు నాయనా.

---

డల్లాస్_అమ్మాయి
బుధవారం, ఉదయం 11:40

ఇక్కడ అర్ధరాత్రి దాటింది, నిద్ర పట్టక చూస్తున్నాను. తెనాలి అక్కా, నేను మీ ఆడపడుచుని కాదు, కానీ ఆ స్థానంలో ఉన్నదాన్నే. మా అమ్మ కాకినాడలో మా వదిన దగ్గర ఉంది. నెల నెలా డబ్బు పంపిస్తాను. వీడియో కాల్ చేస్తే వదిన ఫోను అమ్మ మొహం ముందు పెట్టి పక్కకి వెళ్ళిపోతుంది. నాతో మాట్లాడదు. "డబ్బు పంపితే అయిపోయిందా" అని బంధువులంతా అంటారు. వీసా కాగితాలు ఇమిగ్రేషన్ దగ్గర ఇరుక్కుని ఉన్నాయి, వస్తే తిరిగి రానిస్తారో లేదో తెలీదు. మేమేం చెయ్యాలి? ప్రభువు చెప్పిన కథలో, దారిలో దెబ్బలు తిని పడున్నవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడు కూడా పూటకూళ్ళవాడికి రెండు దేనారములు ఇచ్చి తన దారిన తను పోయాడు కదా. మాది మాత్రం సేవ కాదా?

---

నిజామాబాద్_పెద్దకొడుకు
బుధవారం, మధ్యాహ్నం 2:15

డల్లాస్ చెల్లె, ఆ సమరయుడు పోయేముందు ఒక రాత్రి ఆడనే ఉన్నడు. పొద్దున లేచి పైసలిచ్చిండు. ఇంకా ఎక్కువైతే మళ్ళొచ్చినప్పుడు ఇస్త అని కూడా చెప్పిండు. అంటే లెక్క మూసెయ్యలే. నువ్వు కూడా మూసెయ్యలేదు, రాత్రి నిద్ర పట్టక ఈడ కూసున్నవ్. మీ వదినకు ఒక మాట చెప్పు: "అమ్మ సంగతి తర్వాత, నువ్వు ఎట్లున్నవ్ వదినా?" అని. పైసలు పంపెటోళ్ళు ఎవ్వరు గీ మాట అడగరు. నాకు తెలుసు, నన్నెవ్వరు అడగలే.

మా అమ్మ నాలుగేండ్లు మంచంలుండె. నా భార్య టీచరు, పొద్దున ఏడింటికి బడికి పోతది. నాకు దుకాణం. అందుకని నేనే చేసిన. మొదటిరోజు అమ్మకు స్నానం చేపియ్యాల్నంటే చేతులు వణికినయ్. కొడుకు తల్లిని అట్ల చూడొద్దని చిన్నప్పటి సంది ఒక మాట ఉంటది కదా. అమ్మ కండ్లు మూసుకున్నది. నేను గోడ దిక్కు చూసుకుంట కడిగిన. చెంబుల నీళ్ళు సగం మంచం మీద, సగం నా మీద. తర్వాత అమ్మ ఏమన్నదో తెలుసా? "నీకు నేను చేపిచ్చినప్పుడు నువ్వు ఇంత గోల చెయ్యలేదురా" అన్నది. ఇద్దరం నవ్వినం. ఆడికెల్లి సిగ్గు పోయింది.

అందుకే అక్కా నేనడిగేది, మీ ఆయనకు రెండు చేతులున్నయా లేవా? తల్లి ఎవరికి?

---

అతిథి_4412
బుధవారం, సాయంత్రం 4:02

[ఈ వ్యాఖ్య తొలగించబడింది. ఆస్తి రాయించుకున్నారా లేదా అన్నది ఇక్కడ చర్చాంశం కాదు. మోడరేటర్]

---

తాలూకా_గుమాస్తా
బుధవారం, సాయంత్రం 5:30

తీసేసిన ఆ వ్యాఖ్య నేను చూశాను. ఆస్తి ఊసెత్తారు కాబట్టి చట్టం మాట కూడా ఒకటి చెప్తాను. తల్లిదండ్రుల పోషణకి 2007లో చట్టం వచ్చింది. అందులో "పిల్లలు" అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలి పేరు ఆ జాబితాలో లేదు. చట్టం ప్రకారం ఈ అమ్మకి బాధ్యులు రైల్వేయో మరోటో చేసే పెద్ద కొడుకు, పాస్టరు కొడుకు, అమెరికా కూతురు. పనంతా చేస్తున్నది మాత్రం చట్టానికి కనపడని మనిషి. కోర్టుకెక్కమని కాదు నేననేది. వాళ్ళ ముగ్గురి దగ్గరా ఈ ముక్క ఒకసారి చదివి వినిపించండి. పెద్దవాళ్ళ సహాయానికి 14567 అని ఉచిత ఫోను నంబరు కూడా ఉంది, ఏ సమాచారం కావాలన్నా అడగొచ్చు.

---

పాస్టరమ్మ_గోదావరి
బుధవారం, రాత్రి 9:17

ఇక్కడ సంఘాలని అన్ని పక్కల నుంచీ వాయిస్తున్నారు కాబట్టి ఒక పాస్టరు భార్యగా మాట్లాడతాను.

మా సంఘంలో మంచాన పడ్డ వాళ్ళు ఏడుగురు ఉన్నారు. ప్రతి నెలా ప్రభు బల్ల తరువాత అయ్యగారూ నేనూ సంస్కారం (ప్రభు బల్ల రొట్టె, రసం) పట్టుకుని ఇళ్ళకి వెళ్తాం. కీర్తన పాడతాం, ప్రార్థన చేస్తాం. ఇంటావిడ టీ పెట్టి, బిస్కెట్లు ప్లేటులో సర్ది తెస్తుంది. తాగి వచ్చేస్తాం. నిన్న రాత్రి తెనాలి చెల్లి రాసింది చదివాక లెక్కేసుకున్నాను. ఏడిళ్ళలో ఏడుసార్లు, అప్పటికే నడుం విరిగిన ఆడమనిషి చేత టీ పెట్టించి వస్తున్నాం. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. నాకు ఒక్కసారి తట్టలేదు.

అలాగని కొర్బాను అంటూ పాస్టర్లందరినీ ఒక గాటన కట్టకండి మాస్టారూ. మా అయ్యగారి నాన్నగారు పోయినప్పుడు ఈయన వేరేవాళ్ళ భూస్థాపన చేయిస్తూ ఉన్నారు. సంఘం వదలదు. సెలవంటే మొహం మాడ్చుకుంటారు. ఆ మరిదిగారు రావాలంటే ఆయన సంఘం కూడా ఆయన్ని పంపించాలి.

చెల్లీ, మీ స్త్రీల సమాజం వాళ్ళని ప్రార్థన చెయ్యమని అడగకు. మూడు గంటలు అడుగు. శుక్రవారం ఇద్దరు మీ ఇంట్లో కూర్చుంటారు, నువ్వు ప్రార్థనకి వెళ్తావు. లేకపోతే ప్రార్థనకి కూడా వెళ్ళకు, మేడ మీదకెళ్ళి పడుకో. ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని బదరీ చెట్టు కింద పడుకుంటే దేవదూత ప్రసంగం చెయ్యలేదు, లేపి రొట్టె పెట్టింది. తిని మళ్ళీ పడుకున్నాడు. మళ్ళీ లేపి మళ్ళీ పెట్టింది.

---

పక్కింటి_సుబ్బులు
గురువారం, ఉదయం 6:48

మేము హిందువులం అండీ, గూగుల్లో "పక్షవాతం దుప్పటి మార్చడం" అని వెతుకుతుంటే ఇది వచ్చింది. మా మామగారికి నర్సమ్మగారు చెప్పినట్టే చేశాను. పనిచేసింది. మా ఇంట్లో కూడా ఇదే కథ. మీకు కిరీటం అన్నారు, మాకు పుణ్యం అంటారు. అంతే తేడా.

---

వీల్‌చైర్_తాత
గురువారం, ఉదయం 11:26

నా వయసు డెబ్బై నాలుగు. మీరంతా మంచం పక్కన నిలబడి మాట్లాడుతున్నారు. నేను మంచం మీద నుంచి రాస్తున్నాను. ఒక వేలితో రాయాలి, తప్పులుంటే సర్దుకోండి.

నాకు మా కోడలే చేస్తుంది. అమ్మాయ్, మీ అత్తగారు ఆ రాత్రి నీ మొహం చూడకపోవడం కోపంతో అనుకుంటున్నావు. అయి ఉండదు. తడి చేసిన మనిషికి ఎవరి మొహమూ చూడాలనిపించదు. నేను హైస్కూల్లో డ్రిల్ మాస్టర్ని. వెయ్యిమంది పిల్లల్ని ఒక్క విజిల్‌తో నిలబెట్టినవాణ్ణి. ఇప్పుడు నా లుంగీ ఇంకొకరు మార్చాలి. మొదటి ఏడాది నేను మా కోడల్ని తిట్టేవాణ్ణి, నీళ్ళు చల్లగా ఉన్నాయని, వేడిగా ఉన్నాయని. నీళ్ళు ఎప్పుడూ బానే ఉన్నాయి. నాకే బాలేదు.

యోహాను 13లో అందరూ ప్రభువు పాదాలు కడగడమే చెప్తారు. పేతురు సంగతి ఎవరూ చెప్పరు. "నీవెన్నడును నా పాదములు కడుగరాదు" అన్నాడు. కడిగించుకోవడం కడగడం కంటే కష్టం. ఆ పేతురుతోనే ప్రభువు చివర్లో, 21వ అధ్యాయంలో, నువ్వు ముసలివాడివైనప్పుడు చేతులు చాస్తావు, వేరొకడు నీ నడుము కడతాడు, నీకిష్టం లేని చోటికి మోసుకుపోతాడు అని చెప్పాడు. అది పేతురు ఎలా చనిపోతాడో చెప్పిన మాటని అక్కడే రాసుంది, నాకు తెలుసు. అయినా రోజూ పొద్దున్నే మా కోడలు నా లుంగీ ముడి వేసేటప్పుడు నాకు ఆ వాక్యమే గుర్తొస్తుంది.

నువ్వు అరిచినందుకు ఆవిడకి క్షమాపణ చెప్పు. మాట పోయింది కానీ చెవులున్నాయి. చెప్పేటప్పుడు ఏడవకు. ఏడిస్తే మళ్ళీ ఆవిడే నిన్ను ఓదార్చాల్సొస్తుంది, ఆ చేత్తో అది కుదరదు.

---

నైట్‌డ్యూటీ_నర్సు
గురువారం, మధ్యాహ్నం 12:10

తాతగారూ, మీరు రాసింది మా వార్డులో నలుగురికి చదివి వినిపించాను.

---

తెనాలి_కోడలు
శనివారం, రాత్రి 10:05 (అయిదు వారాల తర్వాత)

ఇన్నాళ్ళూ జవాబు రాయనందుకు ఏమీ అనుకోకండి. అందరివీ చదివాను, తాతగారిది మా వారికి కూడా చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు, బయటికెళ్ళి బండి తుడుచుకున్నారు. మర్నాడు డ్యూటీ దిగి వచ్చి "దుప్పటి ఎలా చుట్టాలో చూపించు" అన్నారు. నిజామాబాద్ అన్నా, మొదటిసారి అచ్చం మీలాగే గోడ వైపు చూస్తూ చేశారు. పొడి దుప్పటి లాగేసి తడిది పరిచారు. అత్తగారికి నవ్వొచ్చింది. ఒక పక్క పెదవే లేస్తుంది కదా, ఆ సగం నవ్వుతోనే వాళ్ళబ్బాయి చేతిని ఎడం చేత్తో ఒకటి వేశారు. ఇప్పుడు నైట్ డ్యూటీ లేని రోజుల్లో రెండింటి వంతు ఆయనదే.

మరిది వచ్చారు, నాలుగు రోజులున్నారు. ప్రార్థన బాగా చేశారు. పని రెండు రోజులు చేశారు, మూడో రోజు నడుం పట్టేసింది. నెలకి ఒక వారం వస్తానన్నారు, చూడాలి. ఆడపడుచు పగటిపూట మనిషిని పెట్టుకోమని డబ్బు పంపుతోంది. డల్లాస్ అమ్మాయి రాసింది చదివాక నేనే తనకి ఫోన్ చేశాను. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

స్త్రీల సమాజాన్ని మూడు గంటలు అడిగాను. ఒప్పుకున్నది ఇద్దరు. అందులో ఒకరు ఆ గుమ్మంలో నిలబడ్డావిడే. మొన్న శుక్రవారం నేను పాస్టరమ్మగారు చెప్పినట్టు ప్రార్థనకి వెళ్ళకుండా మేడ మీద పడుకున్నాను, లేచేసరికి చీకటి పడింది. ఆవిడ ఏమీ అనలేదు. టీ కూడా తనే పెట్టుకుంది.

అత్తగారికి క్షమాపణ చెప్పాను. ఏడవకుండా చెప్పడం కుదరలేదు తాతగారూ.

నర్సక్కా, పాట సంగతి. కీర్తనల పుస్తకం అట్టలూడిపోయి బీరువా అడుగున దొరికింది. సాయంత్రం తల దువ్వుతూ ఆవిడ ఎప్పుడూ పాడేది ఒకటి ఎత్తుకున్నాను. మొదటి మూడు రోజులు ఏమీ లేదు. నాలుగో రోజు పల్లవి దగ్గర పెదవులు కదిలాయి. వారం తిరిగేసరికి నేను రెండో చరణం వదిలేసి మూడోదానికి వెళ్ళిపోతే, ఆవిడ తల అడ్డంగా ఊపి, రెండో చరణం మొదటి పదం అన్నారు. స్పష్టంగా. పన్నెండేళ్ళు క్వయర్‌లో పాడినదాన్ని, నాకు చరణాల వరస దిద్దారు. పాట అయిపోగానే మంచినీళ్ళు కావాలంటే మళ్ళీ చిన్నాడి పేరే.

ఒక సందేహం. ఆడపడుచు డబ్బుతో ఎయిర్ బెడ్ కొన్నాం. మా దగ్గర కరెంటు ఒక్కోసారి రెండు గంటలు పోతోంది. మోటారు ఆగితే ఎంతసేపటికి గాలి దిగుతుంది? ఇన్వర్టర్ మీద పెట్టొచ్చా?

---

నిజామాబాద్_పెద్దకొడుకు
శనివారం, రాత్రి 10:31

పెట్టొచ్చు అక్కా, మోటారు మస్తు తక్కువ కరెంటు గుంజుతది, మేము ఇన్వర్టర్ మీదనే నడిపినం. మోటారు ఆగితే గాలి మెల్లగ దిగుతది, ఎంతసేపన్నది బెడ్డును బట్టి ఉంటది. కొన్నిట్ల గాలి ఆపే మూత ఉంటది, పైపు మొదట్ల చూడు. ఒకసారి పగటిపూట స్విచ్ ఆపేసి, గడియారం చూసుకుంట చెయ్యితోని నొక్కి చూడు. మీ ఆయనకు చెప్పు, ఆయన్నే చూడమను.